చేతివాటం

లిఫ్టు మెకానిక్‌గా రిటైరైన ఆ పెద్దమనిషికి ప్రపంచంలో ఇంకా ఒకే ఒక్క దేశం మిగిలిపోయింది. సరదాకి ఇంట్లో నడుపుకునే హ్యామ్ రేడియోలో వంద దేశాలవాళ్ళతో చుక్కలూ గీతలుగా మోగే మోర్స్ భాషలో మాట్లాడాలి, ఆ మాట నిజమేనని అవతలివాళ్ళూ ఒప్పుకోవాలి, అప్పుడే అవార్డు. తొంభై తొమ్మిది అయ్యాయి. నూరోదిగా ఆయన ఎంచుకున్నది నడిసముద్రంలో ఓ దీవి. అక్కడ రేడియో ఉన్నది ఒక్క ముసలాయన దగ్గరే. ఈయన పిలవని వారం లేదు, అటునుంచి పలుకు వచ్చిన పాపాన పోలేదు.

ఆయన భార్య ఆ రేడియోని నా సవతి అనేది. మనిషి సవతైతే ఏదో ఒక వేళకి నిద్రపోతుంది, దీనికి ఆ పాడు నిద్ర కూడా రాదని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

వాళ్ళ కూతురు పళ్ళసెట్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. తండ్రి దగ్గరే మోర్స్ నేర్చుకుని, పరీక్ష రాసి, రేడియోలో పిలుచుకునే పేరు, సొంత కాల్ సైన్ కూడా తెచ్చుకుంది. అయినా ఆయన ముందు మోర్స్ నొక్కే కీ పట్టుకోవాలంటే హడలు. చుక్క చుక్కలా లేదని, గీత గీతలా లేదని ప్రాణం తీసేవాడు. కీ నొక్కడంలో ఒక్కొక్కరికీ ఒక్కో చేతివాటం ఉంటుందని, ఎంత దాచినా అది దాగదని ఆయన సిద్ధాంతం. చేతివాటం జేబులు కొట్టేవాళ్ళకి కదా ఉండేది అని భార్య దెప్పేది. ఆయన నవ్వేవాడు కాదు. కాల్ సైన్ ఎవరిదో కీ మీద చెయ్యీ వాళ్ళదే కావాలని, పరాయి చేత్తో తెచ్చుకున్న అవార్డు దొంగసొత్తేనని కచ్చితంగా చెప్పేవాడు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. ఇక ఎన్నాళ్ళో ఉండడన్నాడు డాక్టరు. మంచం మీంచి ఆయన చూపు రేడియో గది తలుపు మీదే ఉండేది. నాన్న కళ్ళు మూసేలోగా ఆ నూరోది అయిందన్న మాట ఆయన చెవిన వెయ్యాలని కూతురు పట్టుబట్టింది.

ఒకరోజు ఉదయం ఆరింటికి హెడ్‌ఫోన్‌లో వెతుకుతుంటే దీవి ముసలాయన దొరికాడు. ఆమె గబగబా నాన్న కాల్ సైన్ పంపింది, అచ్చం ఆయన నొక్కినట్టే నొక్కుతూ. అటునుంచి ప్రశ్నార్థకం ఒక్కటే వచ్చింది. మళ్ళీ పంపింది. ఈసారి వచ్చిందేదో గరగరలో కలిసిపోయింది. జవాబేనని తనకి తాను సర్దిచెప్పుకుని అవార్డు సైట్లో ఎక్కించేసింది.

ఆ కంగారులో ఒక పొరపాటు చేసింది. రేడియోవాళ్ళందరూ సమయం రాసేది ప్రపంచ సమయంలో. ఇంట్లో గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, అది తీసేసి రాయాలి. ఆమె గోడ గడియారం చూసి ఆరు అని కొట్టేసింది. ఆ లెక్కన ఆరంటే ఇంట్లో పదకొండున్నర. ఇంకా రాని పదకొండున్నర.

నాన్న చెవి దగ్గరికి వంగి, "దీవి దొరికింది నాన్నా. వంద అయ్యాయి" అంది. ఆయన మొహంలో సంతోషం లేదు. ఆమె కుడిచెయ్యి వంక చాలాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కూతురికి తల కొట్టేసినట్టయింది.

పదకొండున్నరకి తల్లి ఆయనకి పాలు పట్టిస్తోంది. చచ్చుబడిన కుడిచేతి చూపుడువేలు మంచంపట్టె మీద టకటకలాడింది. నరాలు అదురుతున్నాయనుకుంది తల్లి. కూతురు మాత్రం చదవగలిగింది. ముందు ఆయన కాల్ సైన్. ఏదో వింటున్నట్టు ఆగడం. సిగ్నల్ బాగుందన్న అంకెలు. మళ్ళీ ఆగడం. ఆఖర్న సెలవు. వేలు ఆగింది, దాంతోపాటు ఊపిరీ ఆగింది. రేడియో మాత్రం ఆఫ్ చేసే ఉంది.

అంత్యక్రియలైన కొన్నాళ్ళకి ఆమెకి సమయం తప్పు రాసిన సంగతి తట్టింది. ఒకందుకు మంచిదే, అటువాళ్ళ సమయంతో కలవదు కాబట్టి అబద్ధం దానంతటదే పోతుందనుకుంది. ఎందుకైనా మంచిదని తీసెయ్యబోయి సైట్ తెరిస్తే, రెండువైపులా సరిపోయిందని పచ్చగుర్తు. కింద దీవి ముసలాయన రాసిన మాటలు.

"ఆ పొద్దున ఈ కాల్ సైన్‌తో ఎవరో వచ్చారు. చెయ్యి ఆయనది కాదు, అందుకే రాసుకోలేదు. ఆయన చెయ్యి నాకు ఏళ్ళుగా తెలుసు. పిలిచినప్పుడల్లా పలికాను, నా పలుకే అందలేదు. తర్వాత ప్రపంచ సమయం ఆరింటికి ఆయనే వచ్చారు. అంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు."

నాన్న నూరోది తన చేత్తోనే సంపాదించుకున్నాడు. ఆమె గుండెల మీంచి బరువు దిగింది. ఏడుస్తూనే మిగతాది చదివింది.

"ఒక సాయం చెయ్యండి. ఆయన రోజూ ఆ వేళకే వచ్చి వేరే కాల్ సైన్‌ని పిలుస్తున్నారు. ఎవరూ పలకడం లేదు. అది ఎవరిదో మీకు తెలుసా?"

కింద ఉన్నది ఆమె కాల్ సైన్.

పదకొండున్నర కావస్తోంది. పక్కగదిలో తల్లి దుప్పట్లు మడతపెడుతున్న చప్పుడు వినబడుతుంటే, ఆ ధైర్యంతోనే రేడియో పెట్టింది. వెతకాల్సిన పని లేకపోయింది. చుక్క చుక్కలా, గీత గీతలా, తన పేరే వస్తోంది. ఎవరినీ అనుకరించకుండా, పలికింది.

అటునుంచి ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే జవాబు వచ్చింది, తాపీగా, అక్షరం తర్వాత అక్షరం.

"ఇక్కణ్ణించి మీ దేశమే మొదటిది. ఇంకా తొంభై తొమ్మిది."

ఆమె ఆ మాటల్ని పెదవులతో మళ్ళీ చదువుకుంది. మన దేశం అనలేదు నాన్న. మీ దేశం అన్నాడు.