మధుకర్ దోస్తుకు నిద్ర పట్టడం లేదు

చంద్రపూర్ దగ్గరి కరెంటు ప్లాంటులో షిఫ్టు ఇంచార్జి అయిన నాటినుంచి మధుకర్‌కు నిద్ర కరువైంది. ఇంట్లో చెంచా కింద పడ్డా అరిచేవాడు. ఆరు నెలలు ఓర్చుకున్న భార్య హేమలత, ఫోన్లో మగవాళ్ల కోసం ఉన్న కౌన్సెలింగ్ ఒకటి వెతికి బుక్ చేసింది.

"గా కౌన్సెలర్‌తోనన్న మాట్లాడు. లేకుంటే లక్కడ్‌కోట్ నుంచి మీ అమ్మను పిలిపిస్త, ఆమెకు చెప్పుకో" అంది.

మధుకర్ ప్లాంటు బయట కారు ఆపి, అద్దాలన్నీ ఎత్తి, ఫోన్‌ను స్టీరింగ్‌కు ఆనించాడు. తెరమీద కౌన్సెలర్ గీతిక కనిపించింది. వరంగల్ మనిషి, తెలుగులోనే పలకరించింది.

"చెప్పండి మధుకర్ గారూ, ఏం ఇబ్బంది?"

"నాకేం లేదు మేడం. మా దోస్తు తిరుమలేష్ అని ఉన్నడు. ఆనికి నిద్ర పడ్తలేదు. ఊకె కోపమొస్తది."

అలా మొదలుపెట్టి తన బాధంతా తిరుమలేష్ నెత్తిన పెట్టేశాడు. గీతిక ఓపిగ్గా విని, "వచ్చే వారం ఆయన్ని కూడా తీసుకురండి" అంది.

తిరుమలేష్ నిజంగానే ఉన్నాడు. బాయిలర్ సెక్షన్లో పని, ఎప్పుడూ నవ్వు మొహం, పడుకుంటే గురక. మధుకర్ అతనికి టిఫిన్‌కు కారంకారంగా మిసళ్ తినిపించి సంగతి చెప్పాడు.

"నిద్ర పడ్తలేదను, కోపమొస్తుందను. గంతే. ఎక్కువ మాట్లాడకు."

"గదెంత పని" అన్నాడు తిరుమలేష్.

వారం తిరిగేసరికి ఇద్దరూ కార్లో కూర్చున్నారు. నేర్పిన రెండు ముక్కలూ తిరుమలేష్ చక్కగా అప్పజెప్పాడు.

"నిద్ర ఎందుకు పట్టడం లేదనుకుంటున్నారు?" అంది గీతిక.

దీనికి జవాబు నేర్పలేదు. తిరుమలేష్ డ్యాష్‌బోర్డు మీది బొగ్గుదుమ్ములో కాసేపు వేలితో గీతలు గీశాడు.

"మా అన్నతోని మాట్లాడక మూడేండ్లాయె మేడం. గీ పక్కన రాజురాలనే ఉంటడు. బజార్ల ఎదురైతె మొఖం తిప్పుకుంట."

మధుకర్ మొదట భలే నటిస్తున్నాడనుకున్నాడు. కన్నీళ్లు కారడం చూసి, కంగారులో అద్దాలు తుడిచే గుడ్డ అందించాడు. దానికున్న బొగ్గుమసితో తిరుమలేష్ మొహమంతా నల్లబడింది. అయినా ఆపలేదు. అరగంట గడిచింది. మధుకర్ ఫోన్‌ను తనవైపు తిప్పుకున్నాడు.

"మేడం, ఇంకెంత సేపుంది?"

"పది నిమిషాలు."

"గవి నాకియ్యుండ్రి. నిద్ర పడ్తలేనిది నాకు. వీడు మంచిగనే పంటడు."

గీతిక నవ్వలేదు. "చెప్పండి" అంది.

"నా షిఫ్టుల ముప్పై మంది ఉంటరు. ఫోన్ మోగితె ఎవనికేమైందో అని గుండె జారుతది. ఇంట్ల చెప్పలే. చెప్తె ఆమె గూడ భయపడ్తది."

తిరుమలేష్ నల్లటి మొహంతో అతనివైపు తిరిగాడు. "ఆ ముప్పైల నేనొకణ్ణి గదన్నా. నాకన్న చెప్పొద్దా?"

మధుకర్ జేబురుమాలు తీసి అతని చేతికిచ్చాడు.

రెండు నెలల్లో మధుకర్ అరుపులు తగ్గాయి, నిద్ర కాస్త పెరిగింది. తిరుమలేష్ గీతిక దగ్గర తనకోసం వేరే సమయం బుక్ చేసుకున్నాడు. ఒక ఆదివారం రాజురా వెళ్లి, అన్న పక్కన కూర్చుని పూర్తి క్రికెట్ మ్యాచ్ చూసి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ నాలుగు మాటలకు మించి మాట్లాడుకోలేదట. అందులో రెండు మాత్రం "చాయ్ తాగుతవా" అనేవి.