బజ్జీలవారింటి గాలిపొయ్యి

నేను ఒక గాలిపొయ్యిని. ఈ పేరు నాకు సాలూరులో పెట్టారు. నా అట్టపెట్టె మీద ఎయిర్ ఫ్రయర్ అని ఇంగ్లీషు అక్షరాలున్నాయి గాని, నన్ను చివరికి పెట్టెలోంచి బయటికి తీసిన ఇంట్లో ఆ మాటకు ఎవరి నోరూ తిరగలేదు. గాలితో వండుతుందట అని ఒకరు చెప్పారు, గాలిపొయ్యి అని ఇంకొకరు అన్నారు. నాకు ఆ పేరే నచ్చింది. అందులో అబద్ధం లేదు.

చూడ్డానికి బోర్లించిన బిందెలా నల్లగా ఉంటాను. నెత్తిలో ఒక తీగచుట్ట ఎర్రగా కాగుతుంది, దాని మీద చిన్న ఫ్యాను తిరుగుతుంది, కింద చిల్లుల బుట్ట ఉంటుంది. నా సంగతి ఇంతే. సముద్రం అవతల నేను పుట్టినచోట వరుసగా కూర్చున్న ఆడవాళ్ళు తలా ఒక మర బిగించారు. చివరావిడ నన్ను ఖాళీగా రెండు నిమిషాలు తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, తల ఊపి పక్కకు జరిపింది. నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్ళు తర్వాత ఎవరూ తగల్లేదు.

పెట్టె మీద ఒక బొమ్మ ఉంది. బంగారు రంగు బంగాళాదుంప ముక్కలు, రెండు కోడికాళ్ళు, వాటి చుట్టూ నవ్వుతున్న నలుగురు మనుషులు. ఎవరూ ఇంకా ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు, నవ్వు మాత్రం పూర్తయిపోయింది. ఆ బొమ్మలో మిరపకాయ బజ్జీ లేదు. లేదన్న సంగతి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

విజయనగరంలో ఒక దుకాణం నుంచి నన్ను ఒక గృహప్రవేశానికి కానుకగా తీసుకెళ్ళారు. అందుకున్నవాళ్ళు నన్ను విప్పలేదు. విప్పితే వాడాలి, వాడితే పనికొస్తుందో రాదో తేలిపోతుంది. విప్పకుండా ఉంటే నేను ఎప్పటికీ పనికొచ్చే వస్తువునే. ఆరు నెలలు అటక మీద ఉన్నాక, పువ్వుల కాగితం తీసి హంసల కాగితం చుట్టి, నన్ను ఇంకో గృహప్రవేశానికి పంపారు. అక్కణ్ణుంచి మరో ఇంటికి. ప్రతిచోటా నన్ను చేతుల్లోకి తీసుకుంటూ "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ" అన్నారు. ప్రతిచోటా అటక ఎక్కించారు. అలా మూడు గృహప్రవేశాలు చూశాను, ఒక్క వంటిల్లూ చూడలేదు.

మూడో గృహప్రవేశం సాలూరులో హైమావతి టీచరుగారిది. ఆవిడకు జాకెట్లు కుట్టే పిల్ల గౌరీశ్వరి. ఆ పిల్ల ఒకసారి జాకెట్టు ఆలస్యంగా తెచ్చి, నాన్నకు గుండెలో స్టెంటు వేశారని, అందుకే వారం రోజులు మిషను తొక్కలేదని చెప్పింది. నూనె వస్తువు నాలిక మీద పెట్టొద్దని డాక్టరు అన్నాడట. టీచరుగారు కాసేపు ఆలోచించి అటక వైపు చూసింది.

"ఇది పట్టుకెళ్ళు. నూనె లేకుండా వేగుతాయట. నెల్లాళ్ళు వాడి చూడండి. పనికొస్తే ఉంచుకోండి. లేకపోతే ఇచ్చెయ్యండి, మాఘమాసంలో మా తోటికోడలి గృహప్రవేశం ఉంది. పెట్టె మాత్రం చింపకండమ్మా."

ఆవిడ మనసు మంచిది. మాఘమాసం కూడా మర్చిపోలేదు.

గౌరీశ్వరి నాన్న తవిటయ్య మిరపకాయ బజ్జీలు అమ్ముతాడు. లారీ షెడ్ల దగ్గర ముప్పయ్యేళ్ళుగా సాయంత్రంపూట అతని బండి ఉంటుంది. శనగపప్పు మర పట్టించడం, మిరపకాయలు చీరి గింజలు తీసి వాము, చింతపండు ముద్ద కూరడం భార్య పారమ్మ పని. పిండి కలపడం, వేయించడం అతని పని. మధ్యాహ్నం మూడు గంటలకు ఇంట్లో పొయ్యి మీద చిన్న మూకుడు పెట్టి, మూడే మూడు బజ్జీలతో తొలి వాయి తీస్తాడు. ఒకటి పొయ్యి గట్టు మీద అగ్గికి నైవేద్యంగా పెడతాడు. ఒకటి తాను తింటాడు. ఉప్పు, వాము, సోడా అన్నీ కుదిరాయని తేలాకే బండి వీధి దాటుతుంది. తాను తిననిది ఎదుటివాడికి పెట్టకూడదని అతని తల్లి చెప్పిందట. మూడో బజ్జీ కూడా అతనే తింటాడు. రెండోది నిజం చెప్పిందో లేదో చూడ్డానికి.

ఆ తర్వాత బండి దగ్గర నూనె మారినప్పుడొకటి, కొత్త మిరపకాయలు వేసినప్పుడొకటి. ఆ లెక్క డాక్టరుకు చెప్పింది పారమ్మే. డాక్టరు ఆవిణ్ణి గది బయటికి పిలిచి, ఇంకోసారి ఇలా వస్తే ఇంటికి తీసుకెళ్తారో లేదో చెప్పలేనని అన్నాడట. ఆ మాట పారమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నన్ను మొదటిసారి గుడ్డతో తుడుస్తూ కూతురికి మాత్రం చెప్పింది. అలా నేనూ విన్నాను.

తవిటయ్య మొండివాడు కాడు. బండి దగ్గర ముట్టనని మాటిచ్చాడు, ముట్టలేదు. ఇంట్లో తొలి వాయి దగ్గర మాత్రం కదల్లేదు.

"తినకుండా అమ్మితే అది దగా. అలగయితే బండి అమ్మీమను, అమ్మీస్తాను" అన్నాడు.

"బండి ఎందుకమ్మడం? ఆ ఒక్క బజ్జీ ఇందులో కాల్చుకో. నూనె లేదు, గుండెకి బెంగ లేదు" అంది పారమ్మ, నా నెత్తి మీద చెయ్యి వేసి.

అతను నా చుట్టూ ఒకసారి తిరిగాడు. బుట్ట లాగి లోపలికి చూశాడు. "మూకుడేదీ?" అన్నాడు.

"మూకుడుండదు నాన్నా. గాలే" అంది గౌరీశ్వరి.

"గాలికి వేగితే మీ అమ్మ ఎండలో పెట్టిన వడియాలు ఎప్పుడో వేగిపోవాల" అన్నాడు తవిటయ్య. అయినా మిరపకాయను పిండిలో ముంచాడు.

మనుషులు ఒక వస్తువు గురించి పదిమందిని అడుగుతారు, ఆ వస్తువునే ఒక్క మాటా అడగరు. అడిగితే చెప్పేదాన్ని: నాకు జారుపిండి పడదు. నూనె జారుపిండిని తాకగానే నాలుగు వైపులా పట్టుకుంటుంది. నాకు పట్టుకోవడానికి చేతుల్లేవు, ఊదడానికి గాలి ఉంది. పిండి చిల్లుల్లోంచి బొట్లుబొట్లుగా కారి కింద పళ్ళెంలో గట్టిపడింది. బుట్టలో బట్టలు విప్పుకున్నట్టు ఒట్టి మిరపకాయ మిగిలింది. నా గంట మోగింది. తవిటయ్య బుట్ట లాగి, మిరపకాయను తొడిమ పట్టి పైకెత్తి చూశాడు.

"సిగ్గులేదు దీనికి" అన్నాడు. మిరపకాయనో నన్నో తెలియలేదు.

ఆ మర్నాడు పారమ్మ నన్ను వేరేరకంగా పరీక్షించాలనుకొని అప్పడం వేసింది. ఫ్యాను గాలికి అప్పడం ఎగిరి తీగచుట్టకు అంటుకొని అక్కడే నల్లబడింది. ఇల్లంతా పొగ. దగ్గుతూనే పారమ్మ నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలని గౌరీశ్వరి అంది. దాన్ని నా ఖాతాలో వేసుకోవచ్చో లేదో నాకు తెలియదు.

మూడోనాడు పిండి గట్టిగా కలిపి మిరపకాయకు చేత్తో మెత్తారు. ఈసారి కారలేదు. పావుగంట తర్వాత చింతచెట్టు బెరడులాంటిది ఒకటి బయటికి వచ్చింది. తవిటయ్య దాన్ని అగ్గికి పెట్టలేదు. అగ్గికి మర్యాద ఉందని అన్నాడు. తాను మాత్రం కొరికాడు. నమిలాడు. కళ్ళు మూసుకొని ఇంకా నమిలాడు.

"ఉప్పులేదు" అన్నాడు.

"రోజూ ఏసినంతే ఏసినావు గదా" అంది పారమ్మ.

"నా నాలిక సెప్తంది. లేదు." గుప్పెడు ఉప్పు తీసి బేసిన్లో వేసి కలిపేశాడు. మళ్ళీ చూడకుండా బండి తోసుకుపోయాడు.

తప్పు అతని నాలికది కాదు. ఉప్పును నాలిక మీదికి మోసుకెళ్ళేది నూనె. నేను పిండిని ఎండబెట్టాను గాని ఆ రుచిని మొయ్యలేకపోయాను. ముప్పయ్యేళ్ళు నూనె చెప్పిన మాట విన్న నాలిక అది. నేను చెప్పింది దానికి సగమే అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే పక్కవీధి లారీ డ్రైవరు మరిడయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మావా, నిన్న బీమిలి సముద్రం తెచ్చి కలిపీసావేటి? రాత్రంతా నీళ్ళు తాగలేక సచ్చినాం. ఒడిసా పోవాల్సిన లారీ నూతి దగ్గరే ఆగిపోనాది."

తవిటయ్య నవ్వలేదు. ముప్పయ్యేళ్ళలో అతని బజ్జీ గురించి అలాంటి మాట వినడం అదే మొదటిసారి. మరిడయ్య కూడా అది గమనించి, "ఏదోలే మావా, ఒక్కరోజుకి ఏటవుద్ది" అని గొణిగి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు తవిటయ్య నన్ను గోడవైపు తిప్పి పెట్టాడు. మూకుడు పెట్టాడు, నూనె పోశాడు. మూడు బజ్జీలు వేసి తీశాడు. ఒకటి అగ్గికి పెట్టాడు. రెండోదాని మీదికి చెయ్యి చాచి ఉంటాడు.

నా ముఖం గోడవైపు ఉంది. వెనకనుంచి విన్నాను. పళ్ళెం గట్టు మీద జరిగిన చప్పుడు.

"అది ముట్టొద్దు" అంది పారమ్మ. "నాను తింతాను."

"నువ్వా? నీకేటి తెలుసు?"

"ఇన్నేళ్ళూ బండి ఎనక్కొచ్చాక మిగిలినవి తిన్నదెవులు? సల్లారిపోయి, మెత్తబడిపోయినవి తిన్నాను నాను. నువ్వు ఏడేడివి రెండేసి తిన్నావు. నీకంటె నాకే బాగా తెలుసు ఏటి తప్పో. తప్పయినవే గదా నా దగ్గరకొచ్చినాయి."

నూనె చిటపటమనడం వినిపించింది. పారమ్మ నమిలింది. నిదానంగా, తొందర లేకుండా.

"ఉప్పు సరిపోనాది. సోడా ఎక్కువయింది. పైన పొంగు, లోపల గుల్ల."

"సోడా ఎక్కువేటి, రోజూ అంతే" అన్నాడు తవిటయ్య.

"రోజూ ఎక్కువే."

ఆ మాటకు అతను బేసిన్ ఎత్తి బండి మీద పెట్టిన చప్పుడుకు నా బుట్ట కూడా అదిరింది. పిండిలో ఏమీ మార్చకుండానే వెళ్ళిపోయాడు. కాని ఆ రోజు అతను తొలి వాయి ముట్టకుండా వెళ్ళాడు. పారమ్మ గట్టు మీద చెయ్యి ఆనించిన గాజుల చప్పుడు వినబడింది. తర్వాత నన్ను ఇటువైపు తిప్పింది.

మర్నాడు అతను సోడా చిటికెడు తగ్గించాడు. తగ్గించానని ఎవరికీ చెప్పలేదు. పారమ్మ తిని, "ఊఁ" అంది. అంతకు మించి పొగడలేదు. ఆ సాయంత్రం బేసిన్ ఖాళీగా వచ్చింది.

తర్వాత పదిహేను రోజులు ఇదే నడిచింది. మూడు గంటలకు అతను వాయి తీస్తాడు, ఆమె రుచి చూస్తుంది, అతను ఆమె దవడల వైపు చూస్తుంటాడు. నోరు ఊరుతుందేమో, చొక్కా జేబులో నమలడానికి ఏదైనా ఉంటే తప్ప అలా నిలబడలేకపోయాడు. ఆ జేబు నింపడం నా పనైంది. గుప్పెడు వేరుశనగలు, ఉప్పునీళ్ళు చిలకరించి, నూనె చుక్క లేకుండా. పన్నెండు నిమిషాలు. పల్లీలు కారవు, ఎగరవు, నా మీద అబద్ధం చెప్పవు. ఇంత చిన్న పని కోసమా సముద్రం దాటి వచ్చాను అనిపించిన మాట నిజమే. అయితే అటక మీద ఆ పని కూడా లేదు.

మాఘమాసం వచ్చింది. హైమావతి టీచరుగారు జాకెట్టు కొలతకని వచ్చి, నావైపు చూసింది. ఎటూ తేల్చుకోలేని మనుషుల్ని నేను చాలామందిని చూశాను గనక ఆ చూపు నాకు తెలుసు.

"ఎలా ఉంది పారమ్మా? బజ్జీలు వస్తున్నాయా?"

"బజ్జీలకి పనికిరాదమ్మా. అప్పడాలకీ పనికిరాదు."

"అయితే తీసుకెళ్ళిపోనా? పెట్టె ఉందిగా?"

పెట్టె ఉంది. చింపలేదు. మూల ఎండుమిరపకాయలు నింపుకొని ఉంది. నవ్వుతున్న నలుగురి ముఖాల మీద కారం పొడి పడి, కోడికాళ్ళు ఎర్రబడ్డాయి. నా బుట్ట చిల్లుల్లో మొదటిరోజు పిండి ఇంకా అక్కడక్కడా ఉంది, ఎంత తోమినా పోలేదు. నా ఒళ్ళంతా వాము వాసన. నన్ను ఏ కాగితంలో చుట్టినా ఇక గృహప్రవేశానికి పనికిరాను. టీచరుగారు బుట్ట లాగి చూసి, నెమ్మదిగా లోపలికి తోసింది.

"ఉంచుకోండి. కాని పనికిరాదంటున్నారు, మరి దేనికి?" అంది.

పారమ్మ ఆలోచించింది.

"పల్లీలకి" అంది. గుప్పెడు తీసి నా బుట్టలో పోసి మీట తిప్పింది.

కాసేపటికి మూడు గంటలైంది. పొయ్యి దగ్గర తవిటయ్య మూకుడులోంచి మూడు బజ్జీలు తీసి, ఒకటి గట్టు మీద అగ్గికి పెట్టాడు. రెండోది పళ్ళెంలో పెట్టి, ఊది, పక్కకు జరిపాడు. ఇన్నాళ్ళూ ఆమే వచ్చి తీసుకునేది. ఆ రోజు టీచరుగారితో మాటల్లో ఉండి రాలేదు.

"పారమ్మా" అని పిలిచాడు. "రా, రుచి సూడు. సల్లారిపోతంది."

ఆమె వెళ్ళింది. కొరికి, కొంచెం సేపు నమిలి, "వాము తక్కువ" అంది. అతను వాము డబ్బా అందుకున్నాడు.

నా గంట అప్పుడే మోగింది. పల్లీలు అయ్యాయి. ఎవరూ ఇటు తిరగలేదు. నాలోపల అవి కాసేపు చిటచిటలాడి, వాటంతట అవే చల్లారాయి.