పల్లి పడదు

"పాపకు పల్లి పడదమ్మా, జర సూస్కోండ్రి" అని సోమవారం రేష్మ అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి చెప్పింది. సరిగ్గా అప్పుడే లోపల కుక్కరు కూత పెట్టింది. ఆమె నోట వచ్చింది పల్లి. ఆయా మునిరత్నమ్మ చెవిన పడింది బల్లి.

కుక్కరును తిట్టి లాభం లేదు. అది నోరు మూసుకుని ఉన్నా జరిగేది ఇదే. పుంగనూరులో వేరుశనగను చెనిక్కాయ అంటారు. పల్లి అనే మనిషి ఇంతవరకూ ఆ వీధిలో కాలు పెట్టలేదు. ఇక్కడ పల్లి అన్నది ఊళ్ల పేర్లకు తోక. మదనపల్లి, నిమ్మనపల్లి, బైరెడ్డిపల్లి, ఎటు బస్సెక్కినా దిగేది ఏదో ఒక పల్లిలోనే. పైగా మునిరత్నమ్మ కుప్పం పక్క గుడుపల్లెలో, అరవం మాట్లాడే అవ్వ ఒడిలో పెరిగిన మనిషి. అరవంలో పల్లి అంటే అచ్చంగా గోడ మీద పాకే బల్లి. భర్త ఉద్యోగం వెంట కరీంనగర్ నుంచి మొన్ననే దిగిన రేష్మకు ఈ తోకల సంగతి ఏం తెలుసు?

"టీచరమ్మ మూడు దినాలు ట్రైనింగుకు పోయుండాది. అయినా నేనుండాను కదమ్మా. బల్లి పడకుండా నేను సూస్కుంటా, నువ్వు పో" అని మునిరత్నమ్మ ధైర్యం చెప్పింది.

ఆ బల్లి రేష్మ చెవిన పల్లిగా పడింది. లెక్క సరిపోయింది. "బ్యాగుల మదనపల్లి డాక్టరు రాసిచ్చిన కాయితమున్నది, మందు గూడ పెట్టిన" అని చెప్పి నిశ్చింతగా వెళ్లిపోయింది. బల్లికి కూడా మందు కనిపెట్టినారా అని మునిరత్నమ్మ ముక్కున వేలేసుకుని, ఆ బ్యాగును అన్నిటికన్నా ఎత్తయిన కొక్కేనికి తగిలించింది.

అంగన్‌వాడీలో బల్లుల మీద యుద్ధం ఆనాడే మొదలైంది.

గురువారం పొద్దున ఏడున్నరకు ఆమె వంటగదిలో స్టూలెక్కి, పొడుగు చీపురుతో దూలం సందులో పొడుస్తూ ఉంది. మనిషి పుంగనూరు ఆవులాగే పొట్టి, ఆవులాగే గట్టి. తెల్లబడ్డ జుట్టు నిమ్మకాయంత ముడి. మోచేతుల దాకా గంజి చిందిన మచ్చలు, ఏ మచ్చ ఏ యేటిదో అడిగితే చెప్పగలదు. కిటికీకి కోడిగుడ్డు పెంకుల దండ వేలాడుతోంది. పెంకులుంటే బల్లి రాదని ఎవరో అన్నారు. రోజూ పిల్లలకు గుడ్డు పెట్టే చోట పెంకులకు కరువా? మూడు రోజుల్లో దండ మూరెడైంది. బల్లులు దాన్ని తమకు కట్టిన తోరణం అనుకున్నాయో ఏమో, దాని పక్కనే తిరుగుతున్నాయి.

"దిగు! బిడ్డ వచ్చేలోగా దిగు! కావాలంటే రేపట్నించి నువ్వే ఏలుకో ఈ వంట కొట్టిడీని. నేనుండను" అంది దూలం సందులోని తోకతో.

నిజమే, రేపటి నుంచి ఆమె ఉండదు. ఈరోజుతో రిటైరు. సాయంత్రం అయిదింటి బస్సుకు కుప్పం, అక్కడి నుంచి గుడుపల్లెలో కూతురు నాగవేణి ఇంటికి. పదిహేడేళ్లకు గంగులప్పను కట్టుకుని పుంగనూరు వచ్చింది. అతను ఆవులు కాచాడు, ఈమె పిల్లల్ని కాచింది. అతను పోయి పన్నెండేళ్లు. ఈమె ఆయాగా చేరి ఇరవై ఎనిమిదేళ్లు. ఆయా ఏళ్లలో ఆయా పిల్లలు వచ్చారు, పోయారు, అందరికీ ఈ ఆయానే. ఆయాసం అన్న మాట కూడా ఆయా నుంచే పుట్టిందని ఆమె గట్టి నమ్మకం.

పోయేముందు పిల్లల నోరు తీపి చేయాలన్నది ఆమె కోరిక. సర్కారు సరుకు ముట్టలేదు. తన మడిలో పండిన చెనిక్కాయలే ఒలిచి, వేయించి, బెల్లంతో దంచి రాత్రే ఉంటలు కట్టింది. ఉంటలిచ్చి ఉంటా అని చెప్పి వెళ్లిపోవాలి. అంతే. ఉంటలు పెట్టిన స్టీలు డబ్బాకు కూడా మూత మీద గుడ్డ, గుడ్డ మీద పళ్లెం, పళ్లెం మీద రోకలి పెట్టింది. బల్లి పడాలంటే ముందు రోకలి ఎత్తాలి.

తొమ్మిదింటికి హేమావతి టీచరు ట్రైనింగు ముగించుకుని వచ్చింది. కిటికీ చూసి ఆగిపోయింది.

"ఏందక్కా ఇది? రిటైరు అవుతాండావని తోరణాలు నువ్వే కట్టుకున్నావా?"

"నాకు కాదులేమ్మా, బల్లులకు" అంది మునిరత్నమ్మ. టీచరు నవ్వి, హాజరు పట్టిక ముందేసుకుంది.

పిల్లలు పద్దెనిమిది మంది వచ్చారు. రేష్మ కూతురు హాసిని నాలుగేళ్ల పిల్ల. రెండు పిలకలు, ఒకటి తూర్పుకు చూస్తే ఇంకొకటి పడమరకు చూస్తుంది. మునిరత్నమ్మ మూడు రోజులుగా చేస్తున్నట్టే ఆ పిలకల నడుమ అరచేయి పెట్టి కళ్లు మూసుకుంది. అది మామూలు చేయి కాదు. పదేళ్ల కిందట కంచికి పోయి బంగారు బల్లిని తాకి వచ్చిన చేయి. ఆ చేయి తగిలితే బల్లి దోషం ఉండదు.

పదకొండింటికి రోకలి దిగింది. పళ్లెం, గుడ్డ, మూత కూడా దిగాయి. బెల్లం, వేయించిన గింజల వాసన గదంతా పరుచుకుంది. ఒక్కో అరచేతిలో ఒక్కో ఉంట పెట్టుకుంటూ పోయింది. "తినండి నాయనా. అవ్వను తిట్టుకోకుండా తినండి."

పవన్ కుమార్ తీసుకోవడమూ మింగడమూ ఒకేసారి చేశాడు. హాసిని మాత్రం ఉంటను అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, మెల్లగా అంది.

"అవ్వా, గిండ్ల పల్లి ఉన్నది."

మునిరత్నమ్మ డబ్బా కింద పెట్టేసింది. "ఏందీ? యాడ?"

"గిండ్లనే."

ఒక్క చరుపు! హాసిని చేతిలోని ఉంట ఎగిరి గోడకు తగిలింది. "తినొద్దండి! ఎవురూ తినొద్దండి! బల్లి పడుండాది! ఉమ్మేయండి!" ఆ కేకకు దూలంలో నిజం బల్లి కూడా పారిపోయి ఉంటుంది. పొట్టి మనిషి గదంతా గాలిలా తిరిగి పద్దెనిమిది చేతులూ ఊడ్చేసింది. ఏడుపులు లేచాయి.

"అవ్వా, నేను మింగేస్తిని" అన్నాడు పవన్ కుమార్.

"బల్లినా?"

"ఏమో, తియ్యగా ఉన్నింది."

హేమావతి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ నేల మీద కూర్చుని ఉంటలు పగలగొట్టి తోక కోసం వెతికారు. కాలు లేదు, తోక లేదు. ఏడుపాపి చూస్తున్న హాసినికి ఈ పెద్దవాళ్లను చూస్తే జాలేసింది. దూరం నుంచే వేలు చూపించింది, బద్దలైన ఒక చెనిగింజ మీదికి.

"గిదే పల్లి. మమ్మీ తినద్దన్నది. తింటే మూతి ఉబ్బుతది."

హేమావతి ఆ గింజను చూసింది. కిటికీలోని పెంకులను చూసింది. హాసిని కుడి అరచేయి చూసింది. ఉంట పట్టుకున్న మేర ఎర్రగా దద్దుర్లు తేలుతున్నాయి.

"అక్కా! పల్లి అంటే చెనిక్కాయ!"

మునిరత్నమ్మ తన అరచేయి చూసుకుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ చేతి కూడు ఏ బిడ్డకూ పడకపోలేదు. ఈరోజు, ఆఖరు రోజు, ఆ చేత్తోనే విషం పెట్టబోయింది.

"కొంపలు మునిగె గదమ్మా" అంది.

"మునగలేదు. ముందు చేతులు కడుగుదాం రా."

కొక్కెం మీది బ్యాగు దిగింది. అందులో డాక్టరు కాగితం తెలుగులోనే ఉంది. టీచరు పైకి చదివింది. తగిలిన చోట సబ్బుతో కడగాలి, ఉత్త నీళ్లు చాలవు. దద్దుర్లు మాత్రమే అయితే సీసాలోని మందు, రాసిన కొలత ప్రకారం. మూతి, నాలుక వాచినా, వరుసగా వాంతులైనా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఎగదన్నినా ఒక్క క్షణం ఆగకుండా 108. మందు వేశాం కదా అని కాచుకుని కూర్చోకూడదు.

టీచరు రేష్మకు ఫోను చేసింది, మునిరత్నమ్మ పిల్లను పట్టుకుంది. హాసిని చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగారు. మందు వేశారు. మిగతా పిల్లల చేతులూ మూతులూ కడిగించారు. మునిరత్నమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని పెదాలు చూస్తుంది, ఛాతీ చూస్తుంది, మళ్లీ పెదాలు చూస్తుంది. ఆమె ఊపిరే ఆడటం లేదు, పిల్ల ఊపిరి బాగానే ఆడుతోంది.

"అవ్వా, ఏడుస్తున్నవా?"

"లేదు తల్లీ. చెనిక్కాయ నాకూ పడలేదు."

రేష్మ స్కూటరు మీద వచ్చేసరికి దద్దుర్లు సగం అణిగాయి. కూతుర్ని తల నుంచి కాలి దాకా తడిమి చూసి, ఫోనులో మదనపల్లి డాక్టరుతో మాట్లాడి, సాయంత్రం దాకా కనిపెట్టి చూడమన్నాడని చెప్పి, అప్పుడు కూర్చుంది. హేమావతి కథంతా చెప్పింది. పెంకుల దండ దగ్గరికి వచ్చేసరికి రేష్మకు నవ్వాగలేదు, కంచి చేయి దగ్గరికి వచ్చేసరికి కన్నీళ్లూ ఆగలేదు.

మునిరత్నమ్మ చేతులు జోడించబోయింది. రేష్మ పట్టుకుని ఆపింది. "బల్లి అనుకొని గుంజకుంటే పిల్ల నోట్ల పెట్టుకునేది గదనే అవ్వా. తప్పు నాది. కాయితం టీచరు చేతికియ్యాలె, నేను గుమ్మంల చెప్పి పోయిన."

"అయితే మాయమ్మా, పల్లి పడని బిడ్డను మదనపల్లికి యాల తీస్కపోతాండావు?"

ఆ గదిలో పొద్దుటి నుంచి బిగిసిన ఊపిరి ఒక్కసారిగా నవ్వై బయటపడింది.

కానీ పిల్లలకు ఉంటలు బాకీ ఉండిపోయాయి. మునిరత్నమ్మ నేల తుడిచింది, గిన్నెలన్నీ సబ్బుతో తోమింది, కొత్త గరిటె తీసింది. రాగిపిండి, బెల్లం, నెయ్యి రేష్మ ముందు పెట్టింది. రేష్మ ప్యాకెట్ల మీది అక్షరాలు చివరి దాకా చదివి సరే అంది. చదవకుండా ఏదీ పెట్టకూడదట. పిల్లలు ఒకరి తిండి ఒకరికి పెట్టుకోనూ కూడదట. మధ్యాహ్నానికి రాగి ఉంటలు పద్దెనిమిది తయారు. హాసిని ఒకటి తిని ఇంకొకటి అడిగింది. ఇరవై ఎనిమిదేళ్లలో మునిరత్నమ్మకు అంత పెద్ద సన్మానం జరగలేదు.

మూడున్నరకు తల్లులు వచ్చారు. "అంగన్‌వాడీ అన్నంలో బల్లి పడిందంట" అని వార్త అప్పటికే వీధి చివరి దాకా పాకింది, బల్లి కాబట్టి. హేమావతి అందరినీ కూర్చోబెట్టింది.

"బల్లి పడలేదు. పాపకు చెనిక్కాయ అలర్జీ."

"అల్లరా? మావాడికీ ఎక్కువేనమ్మా" అంది పవన్ కుమార్ తల్లి మారెమ్మ.

"అల్లరి కాదు మారెమ్మా, అలర్జీ. మన మునిరత్నమ్మక్కనే సూడు. ఏ పాపమూ ఎరగని బల్లిని శత్రువనుకుని మూడు దినాలు చీపురెత్తింది గదా? కొందరు బిడ్డల ఒళ్లూ అట్లే. మంచి చెనిక్కాయను శత్రువనుకుని తిరగబడతాది. బిడ్డ తప్పు లేదు, చెనిక్కాయ తప్పూ లేదు."

తల్లులు మునిరత్నమ్మ వైపు తిరిగి పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మారెమ్మ మాత్రం ఆలోచనలో పడింది. గుడ్డు తిన్న ప్రతిసారీ తన చిన్నబిడ్డకు ఒళ్లంతా తట్లు తేలతాయని, దిష్టి అనుకుని తీస్తూ ఉన్నానని చెప్పింది.

"దిష్టి కాదేమో. అట్లని నీకు నువ్వే అన్నీ మానిపించొద్దు, బిడ్డ బక్కసిక్కిపోతాది. డాక్టరుకు చూపించు. అంతదాకా ఆ గుడ్డొక్కటి ఆపు" అంది టీచరు.

చివరికి వంటగది గోడ మీద టీచరు రాసింది: హాసినికి పడనిది చెనిక్కాయ, పల్లి, వేరుశనగ. మూడు పేర్లదీ ఒకటే ప్రాణి. చదువురాని ఆయా వస్తే ఎట్లని మునిరత్నమ్మ సుద్దముక్క అందుకుని, పక్కన చెనిక్కాయ బొమ్మ గీసి కొట్టేసింది. పెంకుల దండ విప్పి చెత్తబుట్టలో వేసింది. హాసిని పిలకల మీద చేయి పెట్టింది, ఈసారి ఏ దోషానికీ కాదు.

"ఉంటా తల్లీ."

"ఇంకో ఉంటనా?" అంది హాసిని ఆశగా.

అయిదింటి బస్సు కుప్పం దారి పట్టింది. తాళం వేసే ముందు హేమావతి వంటగదిలోకి తొంగి చూసింది. గోడ మీద మునిరత్నమ్మ గీసిన చెనిక్కాయ ఉంది: సన్నటి నడుము, వంకర తిరిగిన పొడుగు కాడ, అడ్డంగా కొట్టేసిన గీతలు నాలుగు కాళ్లలా చాచుకుని, ఎటు నుంచి చూసినా అచ్చం బల్లిలాగే.