గీయని సవరణ

కామా దగ్గర కూడా ఆగుతున్నారేమిటీయన, ఈ లెక్కన ఏడో ప్రకరణం చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది, ఒంటిగంటకల్లా సంతకం పెట్టిన ప్రూఫులు తన బల్ల మీద లేకపోతే పుస్తకం సంగతి ఇక వచ్చే నెలేనని ప్రెస్సు మేనేజరు నిన్న ఫోనులో మర్యాదగానే బెదిరించాడు, బెదిరిస్తే బెదిరించాడు గానీ అసలు ఆ ప్రకరణం రాకముందే ఈయనకి కునుకు పట్టేస్తే ఎంత బావుణ్ణు, ఛీ, ఇదేం బుద్ధి, చదవమని తెచ్చి ఇచ్చిందీ తనే, చదవకపోతే బావుణ్ణని కూర్చున్నదీ తనే, అనుకుంటూ అతను కుర్చీలో ఇటు నుంచి అటు కదిలాడు, ఎదురుగా కిటికీ పక్కన కెప్టెన్‌గారు, ఎనభై ఒక్కేళ్ల మనిషి, ఒళ్లో అట్ట, అట్ట మీద ప్రూఫు కాగితాలు, ఎడంచేతిలో భూతద్దం, కుడిచేతిలో ఎర్ర పెన్సిలు, ఓడ మీద రోజూ రాసే లాగ్ పుస్తకం దిద్దేటప్పుడు ఎలా కూర్చునేవారో అచ్చం అలాగే, నడుము నిటారుగా, పెదవులు బిగించి, తేడా ఒక్కటే, అప్పుడు కింద ఓడ ఊగేది, ఇప్పుడు చెయ్యి వణుకుతోంది.

ఆ పెన్సిలుకే కదా తను దణ్ణం పెట్టాలి, ఇవాళ నలుగురూ రచయిత అంటున్నారు, నాలుగు నవలలు వచ్చాయి, సముద్రం మొహం చూడని వాళ్లు కూడా మీ ఓడలో మాకు కడుపులో తిప్పిందండీ అని ఉత్తరాలు రాశారు, సభల్లో ఇంత చక్కటి వచనం ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే పెద్ద పెద్ద పుస్తకాల పేర్లు చెప్పి తప్పించుకున్నాడు గానీ నేర్చుకున్నది ఈయన దగ్గర, ఇరవై ఐదేళ్ల వయసులో, లాగ్ పుస్తకంలో, గాలి భయంకరంగా వీచింది అని రాస్తే, భయం నీదయ్యా, గాలిది కాదు, ఎటునుంచి ఎంత జోరుగా వీచిందో రాయి, అని మొహం ముందే ఆ మాట కొట్టేసేవారు, తాడు తెగింది అని రాస్తే, తెగేదాకా ఎవరు చూసుకోలేదో వాడి పేరు రాయి అనేవారు, అరికాలి మంట నెత్తికెక్కేది, కేబిన్‌లోకి పోయి గోడకి చెప్పుకునేవాడు, ఈయనకి కెప్టెనుగిరీ కంటే బడిపంతులు ఉద్యోగం బాగా నప్పేదని, అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూనే చెయ్యి తిరిగింది, ఇరవై నాలుగేళ్ల నౌకాదళం వదిలి ఇంటికొచ్చి వంటింటి వెనక గదిలో బల్ల వేసుకుంటే భార్య నవ్వింది, ఇల్లు కూడా ఓడేననుకుంటున్నారా, ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కి పన్నెండింటికి దిగుతున్నారూ అని, నవ్వుతూనే మూడు వందల పేజీలు టైపు చేసి పెట్టింది, మొదటి నవల రెండుసార్లు తిరిగొచ్చి ఇతను మొహం వేలాడేసుకుని కూర్చుంటే మూడోసారి చెప్పాపెట్టకుండా తనే పోస్టులో వేసొచ్చింది, ఎంతమంది పూనుకుంటే ఇంతవాడయ్యాడు, తన పేరొక్కటే అట్ట మీద వేసుకోవడానికి సిగ్గుండాలి.

నాలుగు నవలల్లోనూ ఓ కెప్టెను ఉన్నాడు, నలుగురూ ఈయనే, మీసం మార్చాడు, ఎత్తు మార్చాడు, ఒకడికి చుట్ట అలవాటు చేశాడు, అంతే, ఆ నలుగురి ఓడల్లో ఒక్కటి కూడా ఇసుకెక్కలేదు, ఎక్కించడానికి తనకి చేతులు రాలేదు, ఈ ఐదోది నవల కాదు, సొంత కథ, ఇందులో కూడా ఆ రోజుని ఎగ్గొడితే ఇక రాయడమెందుకు, అందుకే ఏడో ప్రకరణంలో ఉన్నదున్నట్టు రాసేశాడు, ఆ ఓడ ఇసుకెక్కింది కెప్టెను వల్ల కాదు, నా వల్ల అని, రాసి ముందు భార్య చేతికిచ్చాడు, ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది, చదివి, కాగితాలు సర్ది ఒక్కటే అంది, ఇది అచ్చయ్యాక ఆయన కొట్లో కొనుక్కుని చదువుకోవాలా, ముందు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టండి, ఆయన వద్దంటే పుస్తకమే వద్దు.

చేసిన తప్పు ఎంత చిన్నదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, సముద్రం అడుగున ఇసుకమేటలు ఉన్నచోట ఉండవు, జరుగుతుంటాయి, ఫలానా మేట జరిగింది, మీ చార్టులో, అంటే సముద్రపు పటంలో, దిద్దుకోండి అని వారం వారం కాగితం వస్తుంది, ఓడకి దారి గీసే ఆఫీసరుగా ఆ దిద్దుబాటు తన పని, ఊదారంగు సిరాతో, సన్నపాళీతో, మేటని కొత్తచోట గీయాలి, గీశాక చార్టు అడుగున ఎడమ మూల ఆ సవరణ నంబరు వెయ్యాలి, గీశాకే వెయ్యాలి, కానీ ఆరు చార్టులుంటే ముందు ఆరింటికీ నంబర్లు వేసేసి తర్వాత తీరిగ్గా గీసుకోవడం కుర్ర ఆఫీసర్లందరికీ అలవాటు, నంబరుంటే గీసినట్టేనని చూసినవాళ్లు అనుకుంటారు, ఆ రోజూ అంతే, ఆరు నంబర్లూ వేశాడు, ఐదు చార్టులు గీశాడు, ఆరోది గీయబోతుండగా వైర్‌లెస్ గదిలోంచి కబురు, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం, ఇంకేముంది, పాళీ అక్కడే పడేసి ఓడంతా తిరిగి కనిపించిన ప్రతివాడికీ చెప్పొచ్చాడు, ఆ వెంటనే పొగమంచు, రెండు రోజులు కన్ను మూయకుండా పైన చుక్కాని దగ్గరే, మూడో రోజు పొద్దున్న మంచు విడాక ఈయనే భుజం తట్టి, బిడ్డ పుట్టిన తండ్రి మొహంలా లేదయ్యా నీది, పోయి పడుకో అని పంపేశారు, పడుకున్నాడు, పదకొండున్నరకి మంచం మీంచి కింద పడ్డాడు, పెద్ద చప్పుడు కూడా లేదు, అలిసిపోయిన మనిషి కుర్చీలో కూలబడ్డట్టు ఓడ మెత్తగా ఆగిపోయింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు, వంటాయన గరిటె పట్టుకుని పైకొచ్చి అప్పుడే ఊరొచ్చేసిందా అని అడిగాడు, ఎవరూ నవ్వలేదు, తను చార్టు దగ్గరికి పరిగెత్తాడు, మూలన నంబరుంది, తన దస్తూరీయే, మేట ఉండాల్సిన చోట ఉత్త తెల్లకాగితం.

విచారణలో ముగ్గురు పెద్ద ఆఫీసర్లు, వాళ్ల ముందు ఆ చార్టు పరిచి ఉంది, తన పేరు పిలవకముందే ఈయన లేచారు, ఆ పొద్దున్న ఈ చార్టు నేను చూశాను, సవరణ గీయలేదని నాకు తెలుసు, తప్పు నాది అన్నారు, అబద్ధం, తనలాంటి కుర్రవాణ్ణి కాపాడటానికి నిలువునా నిలబడి చెప్పిన అబద్ధం, నువ్వేమైనా చెప్పేదుందా అని వాళ్లు తనవైపు తిరిగారు, లేదు సార్ అన్నాడు, అంతే అన్నాడు, నోట్లో ఇంకో మాటే లేనట్టు, తనకేమో ఇకమీదట జాగ్రత్తగా ఉండమని ఓ కాగితం ముక్క, ఈయనకి మళ్లీ ఓడే ఇవ్వలేదు, రేవులో తాళ్లూ రంగుడబ్బాలూ పంచే స్టోర్సు ఆఫీసులో పదకొండేళ్లు కూర్చోబెట్టి పంపేశారు, తను మాత్రం మెట్టు మెట్టూ ఎక్కి ఆఖరికి ఓ ఓడకి కెప్టెను కూడా అయ్యాడు, ఆ కుర్చీలో మొదటిసారి కూర్చున్నప్పుడు ఇది ఈయన కుర్చీ కదా అనిపించి లేచి నిలబడ్డాడు, ఆ మనిషి అబద్ధం చెప్పకపోతే తనెక్కడ, తన పుస్తకాలెక్కడ.

కాఫీ చల్లారిపోతోంది తమ్ముడూ, పరీక్ష రాసిన పిల్లాడిలా కూర్చున్నావేమిటి అంటూ కెప్టెన్‌గారి భార్య, తను వదినగారూ అని పిలిచే మనిషి, కప్పు చేతికిచ్చింది, ఈయన దగ్గర మార్కులు ఆశించకు, పెళ్లైన కొత్తలో నేను రాసిన ప్రేమలేఖ కూడా దిద్ది తిరుగు టపాలో పంపిన మహానుభావుడు, అంది, నవ్వబోయాడు, నవ్వు రాలేదు, ఈవిడ కూడా పదకొండేళ్లూ ఆ స్టోర్సు ఆఫీసరు భార్యే కదా, తోటివాళ్ల మొగుళ్లకి ఓడలొస్తుంటే చూస్తూ కూర్చున్నది ఈవిడే కదా, కప్పు అలాగే బల్ల మీద పెట్టేశాడు, అటు కాగితం తిరిగిన చప్పుడైంది, పైన నల్లటి అక్షరాల్లో ఏడు అని ఉంది, వచ్చేసింది.

భూతద్దం ఒక్కో వరసా పాకుతోంది, మంచు దగ్గరికొచ్చారు, వంటాయన దగ్గరికొచ్చారు, మూతి కొంచెం కదిలింది, నవ్వేనా, విచారణ దగ్గరికొచ్చారు, ఆగారు, వెనక్కెళ్లి మళ్లీ చదివారు, ఓ వాక్యం మీద అడ్డంగా ఒక్క గీత గీసి పక్కన పొట్టి సంతకం చేశారు, లాగ్ పుస్తకంలో తప్పు కొట్టేసే పద్ధతి అది, చెరపకూడదు, అడుగున ఏముందో కనబడుతూనే ఉండాలి, ఏ వాక్యమా అని అతను మెడ సాచాడు, నన్ను కాపాడటానికి కెప్టెన్‌గారు అబద్ధం చెప్పారు, అదీ వాక్యం, ఇది తప్పు, అన్నారాయన, నేను అబద్ధం చెప్పలేదు. అది కాదు సార్, మీరు వద్దంటే ప్రకరణమే తీసేస్తాను అని అతను నీళ్లు నమిలాడు, ఆయన చెయ్యెత్తి ఆపారు, నిన్ను కిందికి పంపాక పాత చార్టు తీసి బల్ల మీద తర్వాతిది పరిచానయ్యా, మూలన నంబరు ఉంది, పైన ఊదాగీత లేదు, నేను చూశాను, నిన్ను లేపి గీయిద్దామనుకున్నాను, రెండు రోజులుగా నిద్ర లేదు పాపం, కాసేపు పోనీ, ఇసుకమేటలుండే మలుపు దాకా ఇంకా మూడు గంటలుంది కదా అనుకున్నాను, ఇంతలో ఇంజను గదిలో పైపు పగిలిందని పిలిచారు, దిగాను, ఆ గొడవలో పడి మరిచిపోయాను, మరిచిపోయాను, అంతే, విచారణలో నేను చెప్పింది అక్షరాలా నిజం, ఈ సంగతి నీకు తెలుసనే అనుకున్నానే ఇన్నాళ్లూ.

ఆయనే మళ్లీ అందుకున్నారు, విచారణలో నా మాట నువ్వు విన్నావు, నిన్నడిగారు, నిద్ర లేదు సార్, ఆయనే పడుకోమన్నారు సార్, చూసి కూడా నన్ను లేపలేదు సార్ అని నువ్వు చెప్పి ఉండొచ్చు, ఒక్క మాటైనా అనలేదు, నా మీద మాట పడనివ్వకూడదని నోరు కట్టుకున్నావు అన్నారు, అవును తమ్ముడూ, ఆ రోజు ఇంటికొచ్చి నాతో అదే చెప్పారు, ఆ వారమే కదా మీ పాపకి స్వెట్టరు అల్లి పంపాను అంది వదినగారు, ఓరి దేవుడా, ఇదెక్కడి చిక్కు, వీళ్లు తనని మంచివాడనుకుంటున్నారు, ముప్పై రెండేళ్లుగా ఇద్దరూ కూర్చుని తనని మంచివాడనుకుంటున్నారు, పేజీ తిప్పితే పై వరసలోనే ఉంది అసలు సంగతి, ఆయన ఇంకా తిప్పలేదు, ఇప్పుడు చెయ్యి చాపి, చాలు సార్, ప్రెస్సువాడు ఎదురుచూస్తున్నాడు అని కాగితాలు తీసుకుంటే అయిపోతుంది, దారిలో ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే అడిగే నాథుడు లేడు, ఆయనకీ హాయి, ఈవిడకీ హాయి, ఎవరికి నష్టం, చెయ్యి నిజంగానే ముందుకెళ్లింది, వెళ్లి కాగితం పట్టుకుంది, తిప్పింది, తర్వాతిది కూడా చదవండి సార్ అన్నాడు, ఆయన చదివేదాకా ఆగలేక తనే చదివేశాడు, నా ఉద్యోగం పోతుందని భయమేసింది, అందుకే నోరు విప్పలేదు, ఆ క్షణంలో నాకు కెప్టెన్‌గారు గుర్తుకే రాలేదు.

భూతద్దం ఒళ్లో పెట్టుకున్నారాయన, అయితే నా కోసం కాదన్నమాట, అన్నారు. కాదు సార్, అన్నాడు. వదినగారు అతను తాగని కప్పు చేతిలోకి తీసుకుంది, కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు, ఆయన కిటికీలోంచి అటే చూస్తున్నారు, తల కొట్టేసినట్టుంది అతనికి, లేచి వెళ్లిపోదామా, కాళ్ల మీద పడదామా అనుకుంటుండగా, ఆ స్టోర్సు ఆఫీసు తలుపు తాళం తీసేటప్పుడల్లా నాకు వెనక్కి తిరిగి ఇంటికెళ్లిపోవాలనిపించేదయ్యా అన్నారాయన, ఎవరితోనో చెబుతున్నట్టు, నా మీద గౌరవం కొద్దీ నోరు మూసుకున్న కుర్రాడొకడు ఉన్నాడు కదా, ఆ కుర్రాడి కోసమైనా సరిగ్గా పనిచేద్దాం అనుకుని తాళం తీసేవాణ్ణి, పదకొండేళ్లూ అలాగే తీశాను, అది నువ్విచ్చిందే అనుకున్నాను, ఇవ్వలేదంటున్నావు, సరే, నాకైతే అందింది. పెన్సిలు ఆ వాక్యం దాకా తెచ్చారు, దాని కింద కాసేపు ఉంచారు, తీసేశారు, ఇందులో దిద్దడానికేమీ లేదు, అలాగే ఉంచు, కానీ నేను చెప్పింది కూడా రాయి, చూశాడు, లేపలేదు, మరిచిపోయాడు అని, నా పేరుతోనే రాయి అన్నారు.

రాస్తున్నాడు, ప్రూఫు అంచున, గుండ్రటి అక్షరాలతో, ఆయన చెప్పింది చెప్పినట్టు, వదినగారు ఈసారి వేడి కాఫీ పక్కన పెట్టి, తాగి రాయి తమ్ముడూ, ప్రెస్సు ఎక్కడికీ పోదు అంది, చూశారు అని రాశాడు, లేపలేదు దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది, లేపలేదు, ముప్పై రెండేళ్లుగా తను దణ్ణాలు పెట్టుకున్నది ఆయన చెప్పని అబద్ధానికి, అసలు మేలు విచారణ గదిలో జరగనేలేదు, అంతకు ముందే, తెల్లటి పొద్దుటి వెలుగులో, చార్టు ముందు ఒంటరిగా నిలబడి, పాపం పడుకోనీ అని ఒక మనిషి అనుకున్నాడు, అలా అనుకున్నందుకే తన ఓడని పోగొట్టుకున్నాడు, ఆ పొద్దున్న కింద కేబిన్‌లో తను పోయిన నిద్ర లాంటి నిద్ర జన్మలో మళ్లీ పట్టలేదు.