దొడ్డిలోకి రాకూడని కోడలు

కోడలు గడ్డిమోపు తెచ్చి గొర్రెల దొడ్డి బయటే దించింది. లోపలికి రాకూడదని అత్త ఆజ్ఞ. ఆమె కాలు పెడితే మిగిలిన చూడి గొర్రెలు కూడా చచ్చిన పిల్లల్నే ఈనుతాయట! పాఠకులు నవ్వుకోవచ్చు గానీ, ఆ మాటతో ఒక మనిషి బతుకు ముడిపడి ఉంది. నెల కిందట ఆ కోడలికి ఐదో నెలలో గర్భం పోయింది. కన్నీళ్లు ఆరకముందే అరిష్టమన్న పేరు వచ్చిపడింది. ఆమెను పుట్టింటికి పంపేసి మళ్లీ పిలవకూడదని అత్త పట్టుబట్టింది. భర్త బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

మరి అంతకుముందో? కొత్తగా కొన్న గొర్రెలు ఈనలేక అవస్థ పడుతుంటే, "నీవి సన్నటి చేతులే అమ్మాయీ, నువ్వే లాగు" అని దొడ్డిలోకి పిలిచింది ఈ అత్తే. కడుపుతో ఉన్న కోడలు ఒట్టి చేతులతో చచ్చిన పిల్లల్ని లాగింది, మాయలు ఎత్తి పారేసింది. అప్పుడు ఆ చేతులు బంగారం.

పశువుల డాక్టరమ్మ గొర్రెల మాయ ముక్కలు పరీక్షకు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు కోడలికి జ్వరం తగ్గడం లేదన్న సంగతి చెవిన పడింది. వెంటనే ఆమెను ఆసుపత్రికి పంపించింది. అక్కడ ఆమెలో దొరికిన బాక్టీరియానూ గొర్రెల్లోని బాక్టీరియానూ జన్యు పరీక్ష చేసి పోల్చారు. ఒకే జబ్బు తెచ్చే క్రిముల్లోనూ రకాలుంటాయి. ఏ రకమో తేలితే, అది ఎటునుంచి వచ్చిందో ఆరా తీయవచ్చు.

ఫలితాలు రాగానే డాక్టరమ్మ ఇంటికే వచ్చింది.

"మీ కోడలి ఒంట్లో ఉన్నదీ, గొర్రెల్లో ఉన్నదీ ఒకటే రకం పెద్దమ్మా."

అత్త ముఖం వెలిగింది. "నే చెప్పలా! అంతా దీనివల్లే."

"తొందరపడకండి. మీరు గొర్రెల్ని కొన్నారే, ఆ మందనూ పరీక్షించాం, అక్కడా అదే రకం. అక్కడ పోయినేడాది నుంచీ పిల్లలు పోతున్నాయి. ఈ అమ్మాయి ఆ మంద మొహమైనా చూడలేదు కదా! గొర్రెలకి ఈమె అంటించలేదు. గొర్రెలే ఈమెకి అంటించాయి. కడుపుతో ఉన్న మనిషి చేత గొర్రెలకి పురుడు పోయించకూడదు."

అత్త కూలబడింది. ఆ గొర్రెల్ని ఏరికోరి తెచ్చింది తనే. "తెలీక చేశానే తల్లీ! ఇంక నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు."

భర్తకు అప్పటికి నోరు పెగిలింది. "నీ తప్పేం లేదని తేలిపోయిందిగా."

"తేలకపోతే?" అంది కోడలు. "రెండూ వేరువేరు రకాలని వస్తే అరిష్టమన్న పేరు నాకే మిగిలేది, నన్ను పంపేసేవాళ్లేగా? పోయింది నా బిడ్డ. ఇన్నాళ్లలో ఒక్కరైనా 'నీకెలా ఉంది' అని అడిగారా?"

కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

డాక్టరమ్మ ఆమె పక్కకు వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత మిగతా ఇద్దరి వైపు చూసి అంది:

"గొర్రెలకి ఏం చెయ్యాలో నేను చూస్తాను. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడానికి పరీక్షలు కావాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఓదార్చడానికి ఏ పరీక్షా అక్కర్లేదు."