టీ గ్లాసు పరీక్ష

మేస్త్రి పెట్టే పరీక్షకు ప్రశ్నపత్రం ఉండేది కాదు. ఆయన నడిపే స్కూల్లో శిక్షణ ముగిసిన రోజున నేర్చుకున్నవాళ్ళు యార్డులో పరంజా కట్టాలి. ఇనుప పైపులు నిలబెట్టి, అడ్డపైపులు బిగించి, పలకలు పరిచి, నిచ్చెన కట్టి "అయిందండీ" అనాలి. అప్పుడు మేస్త్రి అంచుదాకా నింపిన టీ గ్లాసు ఒక చేత్తోనూ నిచ్చెన ఇంకో చేత్తోనూ పట్టుకుని తనే పైకెక్కేవాడు. పలకల మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తాపీగా నడిచి, కిందివాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తుండగా, మధ్యలో ఆగి టీ తాగేవాడు. చుక్క ఒలికిందా, కట్టినవాడు ఇంకో రెండు నెలలు యార్డులోనే. ఆయన సొంత బావమరిదికే రెండుసార్లు ఒలికింది. ఆ రెండుసార్లూ ఇంట్లో మేస్త్రికి టీ పుట్టలేదు.

"నువ్వు కట్టినదాని మీద రేపు ఎవడో ఒకడు నిలబడి పని చేసుకుంటాడు. వాడికీ పెళ్ళాం పిల్లలు ఉంటారు. ఆ మొదటివాణ్ణి నేనయితే ఏం పోయింది?" అనేవాడు.

ఈ మేస్త్రికి ఒక చెల్లెలు. చిన్నప్పుడు ఇంట్లో ఎవరు ఎన్ని చెంబులు పోసుకున్నారో, బిస్కెట్ల డబ్బా ఎవరు తెరిచారో గోడ మీద బొగ్గుతో రాసిపెట్టేది. అందుకని ఆయన ఆమెకు గుమాస్తా అని పేరు పెట్టాడు. తండ్రి పోయాక ఆ గుమాస్తాను చదివించింది ఆయన ఎక్కిన పరంజాలే. ఆమె పెద్ద ఆఫీసరు అయినా ఫోనెత్తితే "ఏమే గుమాస్తా" అనే పిలిచేవాడు. పక్కవాళ్ళకు వినబడుతుందేమోనని ఆమె ఫోనును చెవికి గట్టిగా అదుముకునేది. లోపల మాత్రం ఆ పిలుపంటే ఆమెకు ప్రాణం.

వృత్తి విద్యకూ శిక్షణకూ దేశమంతటికీ కలిపి ఒక నియంత్రణ మండలి పెట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, పరీక్షల నిబంధనలు రాసే పని గుమాస్తా మీద పడింది. పడిందేమిటి, అడిగి మరీ నెత్తికెత్తుకుంది. అంతకుముందు ఉద్యోగంలో ఆమె చూడరానివన్నీ చూసింది. కుట్టుమిషను తొక్కనివాళ్ళకు టైలరింగు సర్టిఫికెట్లు, తీగ ముట్టుకోనివాళ్ళకు వైరింగు సర్టిఫికెట్లు. ఒక శిక్షణ సంస్థలో కూర్చోడానికి కుర్చీలు లేవు గానీ సర్టిఫికెట్లకు బంగారు రంగు అంచు ఉంది. అలాంటి బంగారు అంచు ఎలక్ట్రీషియన్ ఒకడు తీగలు లాగిన హాస్టల్లో మంటలు లేచి వంటావిడ రెండు చేతులూ కాలిపోయాయి. ఆ చేతుల్ని చూసి వచ్చిన రోజు నుంచీ గుమాస్తాకు ఒకటే పట్టుదల. నేర్పినవాళ్ళు పరీక్షించకూడదు. బయటి నుంచి పరీక్షాధికారి వచ్చి చూడాలి, నిర్ణయించాలి.

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు ఆ తర్వాత జరిగింది.

మండలి గదిలో ఇంకా రంగు వాసన పోలేదు. కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి, ఎవరు కదిలినా కిర్రుమంటున్నాయి. గుమాస్తా నిబంధనలు ఒక్కొక్కటీ చదువుతుంటే మండలి లాయరమ్మ చెయ్యెత్తింది.

"నేర్పినవాళ్ళు ఉత్తి పుణ్యానికి పాస్ చేసేస్తారని మీ భయం. ఒప్పుకుంటాను. కానీ 'వీడికింకా రాలేదు' అని నేర్పినవాళ్ళే మొత్తుకుంటే? పరీక్షాధికారి చూసేది ఒక పూట. వాళ్ళు చూసింది నెలల తరబడి. శిక్షకుడు అభ్యంతరం చెప్తే సర్టిఫికెట్ ఆపి మళ్ళీ పరీక్ష పెట్టాలని ఒక ముక్క చేరుద్దామండీ. పాస్ చేసే హక్కు తీసేద్దాం, ఆపే హక్కు ఉంచుదాం."

వింటూనే గుమాస్తా కళ్ళ ముందు అంచుదాకా నిండిన టీ గ్లాసు మెదిలింది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అనుకుంది. కలం తీసి చేర్చబోయింది కూడా.

అంతలో ఛైర్మన్‌గారు నవ్వారు. "ఇదేదో మీ అన్నగారి స్కూలుకు కొలతలు తీసి కుట్టినట్టుందే!"

వేళాకోళానికే అన్నారాయన. అందరూ నవ్వారు, లాయరమ్మ కూడా నవ్వింది. గుమాస్తాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కరి చేత వేలెత్తి చూపించుకోని మనిషి. రేపు నలుగురూ నాలుగు మాటలంటారు. అన్న కోసం చట్టమే రాసుకుందంటారు.

"వద్దండీ," అంది. "ఆపే హక్కిస్తే దాన్నీ అమ్ముకుంటారు. డబ్బిస్తావా, అభ్యంతరం పెట్టనా అని నేర్చుకునేవాళ్ళ పీకల మీద కూర్చుంటారు."

అది అబద్ధమైనా బాగుండేది, ఎవరో ఒకరు పట్టుకునేవారు. సగం నిజం కావడం వల్ల అందరూ తలూపారు. లాయరమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, మీ ఇష్టమంది. గుమాస్తా తర్వాతి నిబంధనలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంటికెళ్తూ తను ఎంత నిక్కచ్చి మనిషో తలుచుకుని కాస్త మురిసిపోయింది కూడా. ఇదే నాకు మింగుడుపడని సంగతి.

అన్న స్కూలు దరఖాస్తు మండలికి వచ్చినప్పుడు ఆమె దాన్ని చేత్తో తాకలేదు. వేరే సెక్షనుకు పంపమంది. అన్న ఇంటికి రాకపోకలు తగ్గించింది. మేస్త్రికి ఇవేవీ పట్టలేదు. కొత్త నిబంధనలు కూతురి చేత చదివించుకుని, "మన గుమాస్తా రాసిందంటే ఊరికే రాసుండదు" అని ఒక్కొక్కటీ తు.చ. తప్పకుండా పాటించాడు. మంటలార్పే సిలిండర్ కొన్నాడు, హాజరుపట్టీ పెట్టాడు, గోడకు బోర్డు తగిలించాడు. ఆఖరికి టీ గ్లాసు పరీక్ష కూడా మానేశాడు.

ఆ విడతలో తొందర అనే పేరున్నవాడొకడు ఉన్నాడు. అసలు పేరు వేరే, మేస్త్రి పెట్టింది ఇది. లారీ నడపడం మానేసి నలభయ్యో పడిలో కొత్త పని నేర్చుకోవడానికి వచ్చాడు. మంచివాడే, కష్టపడతాడు. కానీ చేతికి ఆగడం తెలియదు. ఒక పని సగంలో ఉండగానే రెండోదాని మీద చెయ్యి వేస్తాడు.

పరీక్షాధికారి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. పాపం అతనూ చెడ్డవాడు కాదు, ఆ రోజు ఇంకా రెండు చోట్లకు వెళ్ళాలి. పైపులు నిటారుగా ఉన్నాయా, చూశాడు. క్లాంపులు బిగించారా, చూశాడు. నేల మీద నిలబడి చూడగలిగినవన్నీ చూసి అందరినీ పాస్ చేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మేస్త్రి ఫోను చేశాడు. "ఏమే గుమాస్తా, ఒక్క మాట. ఆ తొందరగాడికి ఇంకా రాలేదే. వాడికి కాగితం ఇవ్వాలంటే చెయ్యి రావట్లేదు. ఈ ఒక్కణ్ణీ ఇంకొన్నాళ్ళు ఆపొచ్చా?"

గుమాస్తా ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది. "ఆపే వీల్లేదు అన్నయ్యా. పరీక్షాధికారి మాటే ఆఖరుది. నీ స్కూలు సంగతి నేను మాట్లాడకూడదు కూడా. ఫిర్యాదుల సెక్షనుకు రాయి."

"వాళ్ళు ఎన్నాళ్ళకు చెప్తారు?"

"ముందు రాసి పెట్టు అన్నయ్యా," అంది.

"సర్లేమ్మా, నీకెందుకు ఇబ్బంది," అని ఫోను పెట్టేశాడు.

మర్నాడు తొందర సర్టిఫికెట్ కోసం వచ్చాడు. మేస్త్రి ఇచ్చాడు. ఇచ్చాక వాడు వెళ్ళబోతుంటే మనసొప్పలేదు. "ఒరేయ్, నిన్న కట్టింది ఇంకా విప్పలేదుగా, నా తృప్తి కోసం ఒక్కసారి ఎక్కనీ" అని టీ తెప్పించుకున్నాడు. ఎక్కింది ఎంతో ఎత్తు కాదు, మొదటి వరసకే. ఆ చివరి పలక కొస పైపు మీద ఆనలేదు, గాల్లో ఉంది. కింద నుంచి చూస్తే తెలియదు. మేస్త్రి దాని మీద అడుగు వేయగానే పలక తిరగబడింది.

వదిన ఏడుస్తూ ఫోను చేసింది. గుమాస్తా ఆసుపత్రికి వెళ్ళేసరికి తుంటి ఎముక విరిగిందనీ, కర్ర లేకుండా నడవడం ఇక కష్టమనీ డాక్టరు చెప్పేశాడు. వరండాలో గోడకు జారగిలబడి తొందర కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"మేడమ్, మీరు ఆ ఆఫీసులోనే కదండీ. నన్ను ఫెయిల్ చెయ్యండి."

"ఏమిటి?"

"నాకు రాలేదండీ. ఇది వెనక్కి తీసుకోండి." మడతలు పడిన సర్టిఫికెట్ చాచాడు.

ఆమె అందుకోలేదు. పరీక్ష సక్రమంగా జరిగింది. పడిపోవడం పరీక్ష అయిపోయాక జరిగింది. పాసైనవాడు తనకు తానుగా వచ్చి ఫెయిల్ చెయ్యమంటే ఏం చెయ్యాలో ఆమె రాసిన నిబంధనల్లో ఎక్కడా లేదు.

"అలా కుదరదు," అంది నెమ్మదిగా. తన గొంతు వింటే తనకే అసహ్యం వేసింది.

ఆ తర్వాతి సమావేశంలో అభ్యంతరం నిబంధనను మళ్ళీ ఎత్తింది. ఛైర్మన్‌గారు ఈసారి నవ్వలేదు. ఇబ్బందిగా కదిలితే కుర్చీ కిర్రుమంది.

"మీ బాధ అర్థమవుతోంది. కానీ ఇప్పుడిది మీ కుటుంబం విషయమైపోయింది కదమ్మా. సొంతవాళ్ళ విషయం చర్చిస్తుంటే గదిలో ఉండకూడదని రాసింది కూడా మీరే."

గుమాస్తా లేచి బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. తలుపు అద్దంలోంచి లోపలివాళ్ళ పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినబడదు. తను నిక్కచ్చిగా ఉండాల్సిన రోజున భయపడింది, దానికే నిక్కచ్చితనమని పేరు పెట్టుకుంది. ఇప్పుడు మాట్లాడదామంటే మాట్లాడే చోటే లేదు. చాలాసేపటికి లాయరమ్మ బయటికి వచ్చి పక్కన కూర్చుంది.

"వచ్చే ఏడాది సమీక్షలో చూద్దామన్నారు," అంది. మళ్ళీ తనే, "ఆ రోజు నేను ఇంకాస్త గట్టిగా పట్టుబట్టాల్సింది" అంది. గుమాస్తాకు ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం అన్న ఇంటికి వెళ్ళింది. మేస్త్రి మంచం మీద వెనక్కి ఆనుకుని ఉన్నాడు. కిటికీలోంచి యార్డు కనిపిస్తుందని మంచం అటు జరిపించుకున్నాడు. యార్డులో తొందర ఒక్కడే పరంజా విప్పుతున్నాడు.

"రెండు నెలలు యార్డులోనే అన్నాను," అన్నాడు మేస్త్రి. "జేబులో కాగితం పెట్టుకుని కూడా రోజూ వచ్చి కడుతున్నాడే, విప్పుతున్నాడే. ఇప్పుడు చెయ్యి ఆగడం నేర్చుకుంది. బాగా కడుతున్నాడనే అనిపిస్తోంది." కిటికీ వైపే చూస్తూ, "ఇక్కణ్ణించి చూస్తే ఏం తెలుస్తుంది? ఎక్కి చూడాలి. ఎక్కేవాళ్ళు ఎవరున్నారు?" అన్నాడు.

వదిన టీ తెచ్చి గుమాస్తా చేతికిచ్చింది. "నువ్వియ్యి, నీ చేత్తో ఇస్తే తాగుతాడు. నేనిస్తే చక్కెర తక్కువంటాడు."

గుమాస్తా గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడింది. "అన్నయ్యా, నేర్పినవాళ్ళ మాట వినాలని ఇవాళ అడిగాను. వచ్చే ఏడాదికి వాయిదా వేశారు."

"అడిగావా!" మేస్త్రి మొహం వెలిగింది. "చూశావుటే," అన్నాడు భార్యతో. "నేను చెప్పలే?" మళ్ళీ చెల్లెలి వైపు తిరిగాడు. "మీ వదిన ఒకటే గోల, నీ చెల్లెలికి ఈపాటి తెలియదా అని. పిచ్చిదానా, ఆఫీసు గదుల్లో కూర్చునేవాళ్ళకి యార్డు సంగతులు ఎలా తెలుస్తాయే అన్నాను. రాసేటప్పుడు ఆ గదిలో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఆ మాట ఎత్తి ఉంటే, మా గుమాస్తా రాయకుండా వదిలేదా?"

వదిన ఆమె వైపు చూసింది. మేస్త్రి కూడా చూస్తున్నాడు, అవునని ఒక్క మాట అంటే చాలన్నట్టు.

ఆమె నోరు తెరిచింది. లాయరమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వెలిగిన మొహం చూశాక దాన్ని బయటికి తెచ్చే శక్తి చాలలేదు.

"చల్లారిపోతోంది, తాగు అన్నయ్యా," అంది.

ఆయన మొహం చూడకుండా గ్లాసు అందించబోయింది. టీ దుప్పటి మీద ఒలికింది.

"ఒలికిందే!" మేస్త్రి పకపకా నవ్వాడు, తుంటి నొప్పి పుట్టినా నవ్వాడు. "ఇంకో రెండు నెలలు యార్డులోనే!"

వదిన కూడా నవ్వేసింది. గుమాస్తా చేతిరుమాలు తీసి మరక తుడుస్తూ, తలెత్తకుండా అక్కడే ఉండిపోయింది.