గాజుబల్ల మీద చివరి కాగితం

గవర్నరుపేటలో మందుల షాపు పైన మేడమీద ఉండేది ఆ ఆఫీసు. 1974లో బెజవాడ జనానికి అదో వింత. ఇల్లు కట్టాలంటే మేస్త్రిని పిలవడం, ఊరు బాగోకపోతే గవర్నమెంటుని తిట్టడం తప్ప వేరే పద్ధతి తెలియని రోజులవి. ఆఫీసు యజమాని రామకోటేశ్వరరావు మాత్రం, “ఊరనేది ఒక్కడి బుర్రలోంచి ఊడిపడేది కాదండీ, పదిమంది కూర్చుని గీయాలి” అనేవాడు. పదిమందికి జీతాలిచ్చే తాహతు లేదు గనక ముగ్గురితో సరిపెట్టాడు. ఇళ్ళు గీయడానికి తను, రోడ్లూ నీళ్ళూ చూడడానికి ఇంజనీరు హుమాయూన్, చెట్టూ చేమా చూడడానికి బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివిన మార్త.

మాటలకేం, బాగానే ఉంటాయి. పని జరిగే తీరు వేరు. ఆఫీసు మధ్యలో ఒక గాజుబల్ల, దాని కింద బల్బు. ముందు రామకోటేశ్వరరావు తన ట్రేసింగు కాగితం పరిచేవాడు. దాని మీద హుమాయూన్ కాగితం. చిట్టచివర మార్తది. ఆమె వంతు వచ్చేసరికి నేలంతా అయిపోయేది. “ఆ రోడ్డు పక్కన ఖాళీ ఉంది కదమ్మా, నాలుగు వేపచెట్లు పడెయ్” అనేవాడాయన. ఆమెను కూరలో కరివేపాకు అనడానికి కూడా లేదు. కరివేపాకైనా పోపులో పడుతుంది. మార్త, వడ్డన మొదలయ్యాక గుర్తొచ్చే కరివేపాకు.

ఒక్క నియమం మాత్రం ఆయన గట్టిగా పెట్టుకున్నాడు. మూడు కాగితాలూ కలిపి వేసిన ప్లాను మీద ముగ్గురూ సంతకం పెడితేనే అది మెట్లు దిగాలి. ఆ నియమం తన మెడకే చుట్టుకుంటుందని ఆయనెప్పుడూ అనుకోలేదు.

ఆ వేసవిలో వాళ్ళకో పెద్ద పని వచ్చింది. కాలవగట్ల మీద గుడిసెల్లో ఉంటున్న నూట ఇరవై కుటుంబాలు సంఘం పెట్టుకుని, బందరు రోడ్డుకి ఎడంగా పదెకరాలు సంపాదించాయి. అక్కడో కాలనీ గీసివ్వాలి. సంఘం ప్రెసిడెంటు బసవపున్నయ్య రైసు మిల్లులో జట్టు మేస్త్రి. జూన్ ఐదున శంకుస్థాపనకి మంత్రిగారిని ఒప్పించి, అప్పుడే చీటీలు తీసి ఎవరి స్థలం ఎక్కడో కూడా పంచేశాడు. అన్నీ ముందే జరగాలి ఆయనకి.

హుమాయూన్ మే నెలలో సర్వే చేశాడు. డెల్టాలో ఎవరైనా అంతే. వేసవిలో బ్యారేజీ దగ్గర కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో గాని నీళ్ళు వదలరు. ఈలోగా నేల గట్టిగా ఉంటుంది, జలగల బెడద ఉండదు, కొలత గొలుసు సాఫీగా సాగుతుంది. కొలతలు తీసి, ఇళ్ళ మీద పడ్డ వాన నీళ్ళన్నీ తూర్పున ఉన్న మురుగుకాలవలోకి పోయేలా లెక్క వేశాడు. లెక్కలో వెంట్రుకంత తేడా లేదు.

మే ఆఖరు వారంలో మార్త చెట్లకి గుర్తులు పెట్టుకోవడానికి బస్సెక్కి వెళ్ళింది. సంఘం వాళ్ళు తుప్పలన్నీ తగలబెట్టి నేలని నున్నగా చేశారు. తూర్పు కొసన, చీటీలో తనకొచ్చిన ఎనభై ఏడో నంబరు స్థలంలో హద్దు మేకు పక్కన ఒకామె గునపంతో గొయ్యి తవ్వుతోంది. పేరు అమలమ్మ. పక్కన తడి గోనెలో చుట్టిన మునగకొమ్మ.

“ఇల్లు లేకుండానే చెట్టా అమలమ్మగారూ?” అంది మార్త నవ్వుతూ.

“ఇల్లెప్పుడు లేస్తదో దేవుడికెరుక. ఇదైతే ఇప్పట్నించే పెరుగుద్ది గదమ్మా. ఇరవయ్యేళ్ళు గట్టు మీదున్నాం. ఏటా నీళ్ళొస్తే చాప చుట్టుకుని రోడ్డు మీదకి పరుగే. ఇంక ఆ పరుగు లేదు” అంటూ గునపం దించింది. “ఇదేందమ్మా, అల్లం దుంపల్లాగా?”

మార్త వంగి ఆ దుంపని చేతిలోకి తీసుకుంది. పైన కాలిపోయిన ఆకు మొదళ్ళు. జమ్ము. జమ్ము ఊరికే మొలిచే గడ్డి కాదు. ఏటా నెలల తరబడి నీళ్ళు నిలిచే చోటే దుబ్బు కడుతుంది. గునపం తీసుకుని ఆ వరసంతా తవ్వి చూసింది. డెబ్బై ఒకటో స్థలం నుంచి నూట నాలుగు దాకా ఎక్కడ తవ్వినా అదే దుంప.

ఆఫీసులో గాజుబల్ల మీద దాన్ని పెట్టి చెప్పింది. “సార్, ముప్ఫై నాలుగిళ్ళు నీళ్ళల్లో కడుతున్నాం.”

“నీళ్ళెక్కడివి? మురుగుకాలవ స్థలాల కంటే నాలుగడుగులు కిందుంది” అన్నాడు హుమాయూన్. నొచ్చుకున్నాడు, కనిపిస్తూనే ఉంది. “నేను లెవెల్ మిషను పెట్టి చూశాను. మీరు గడ్డి పెట్టి చూశారు.”

“కాలవలు కట్టేసినప్పుడు చూశారండీ మీరు. నీళ్ళు వదిలాక పైపొలాల మురుగంతా దాన్లోకే దిగుతుంది. అప్పుడది ఇటు ఎగదన్నదా?”

“ఎగదన్నుతుందో లేదో జూన్ నెలాఖరుకి గాని తెలీదు. మంత్రిగారు ఐదో తారీకున వస్తున్నారు” అని రామకోటేశ్వరరావు పెన్ను ఆమె ముందు పెట్టాడు. “సంతకం పెట్టమ్మా.”

“పెట్టలేను సార్.”

ఆయన మొహం ఎర్రబడింది. “శుక్రవారం దాకా టైమిస్తున్నా. అప్పటికీ పెట్టకపోతే శనివారం నుంచి నువ్వు రానక్కర్లేదు.”

మార్తకి ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. కాని కళ్ళు మూసుకుంటే చాప చుట్టుకుని రోడ్డెక్కుతున్న అమలమ్మే కనపడుతోంది. వాదించి లాభం లేదని, ఆ దుంపని ఒక బక్కెట్టులో మట్టేసి పాతి, నీళ్ళు నింపి ఆఫీసు గుమ్మం పక్కన పెట్టింది. టీకి వెళ్ళే ప్రతివాడూ దాన్ని దాటుకునే వెళ్ళాలి.

మొదటి రోజు ఇద్దరూ నవ్వారు. రెండో రోజు రామకోటేశ్వరరావు కాలు తగిలి బక్కెట్టుని తిట్టాడు. గురువారం పొద్దున హుమాయూన్ టీకి బయల్దేరి దాని దగ్గర ఆగిపోయాడు. కాలి బొగ్గయిన మొదలు పక్కనుంచి వేలెడు పచ్చటి మొలక నీళ్ళపైకి లేచి ఉంది. నీళ్ళల్లో కుళ్ళాల్సింది పోయి లేచిన ఆ మొలకని వేలితో తాకి చూసి, టీ సంగతి మర్చిపోయి, లెవెల్ మిషను స్కూటరుకి కట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం తిరిగొచ్చాడు. ఒంటినిండా దుమ్ము. నేరుగా గాజుబల్ల దగ్గరికొచ్చి రామకోటేశ్వరరావుతో అన్నాడు. “మురుగుకాలవ రోడ్డు దాటేచోట తూము ఉంది సార్. దాని గోడ మీద ఏటా నీళ్ళు నిలిచిన చార ఉంది, నాచు ఎండి నల్లగా. మురుగుకాలవ అడుగు కొలిచాను గాని ఆ చార కొలవాలని నాకు తట్టలేదు. ఇవాళ కొలిచాను. తూర్పు స్థలాల కంటే అడుగున్నర ఎత్తు. తప్పు నాది.” మార్త వైపు తిరిగాడు. “మీ గడ్డి నా మిషను కంటే ముందే చూసిందండీ.”

తప్పు ఒప్పుకోవడానికి గుండె కావాలి. హుమాయూన్‌కి ఉంది. మార్తకి అతని మీదున్న కోపం ఆ క్షణాన్నే పోయింది.

ఇల్లలకగానే పండగ కాదు కదా. ముప్ఫై నాలుగిళ్ళు ఎక్కడ పెట్టాలి? ముగ్గురూ బల్ల చుట్టూ నిలబడ్డారు. ఖాళీ జాగా ఒక్కటే ఉంది. రోడ్డు ముఖాన, ఎత్తుగా, రామకోటేశ్వరరావు ప్రాణం పెట్టి గీసుకున్న గుండ్రటి పార్కు, మధ్యలో ఫౌంటెను. ఆ పేరు ఎత్తడానికి ఇద్దరికీ నోరు రాలేదు. ఆయనే రబ్బరు తీసుకుని, ఫౌంటెనుని తన చేత్తోనే చెరిపేశాడు.

“పల్లాన్ని ఏం చేద్దామమ్మా?” అన్నాడు.

“ఇంకాస్త లోతు చేసి కుంటగా వదిలేద్దాం సార్. ఆ మట్టితో మిగతా స్థలాలు మెరక చేసుకోవచ్చు. గట్టు మీద కానుగలు వేస్తా. పార్కు అదే అవుతుంది.”

చీటీలు మళ్ళీ తీయాలనేసరికి బసవపున్నయ్య మండిపడ్డాడు. “జనం నన్ను తంతారండీ!” అని తలపట్టుకుని, తూము దగ్గర చార చూశాక మాత్రం తనే కొత్త చీటీలు రాయించాడు. మంత్రిగారు ఐదో తారీకున మెరక వైపున రాయి వేసి, దండలు వేయించుకుని వెళ్ళారు. ఏ రాయి ఎక్కడ పడిందో ఆయనకి తెలియనే తెలియదు.

జూన్ మూడో వారంలో కాలవలు వదిలారు. నెలాఖరుకి నారుమళ్ళు పోస్తుండగా నాలుగు వానలు పడ్డాయి. ఒక పొద్దున ముగ్గురూ వెళ్ళి చూశారు. మురుగుకాలవ నిండి, వెనక్కి తన్ని, తూర్పు వరసంతా మోకాటి లోతున పరుచుకుంది. నీళ్ళల్లోంచి ఎనభై ఏడో మేకు తల మాత్రం కనపడుతోంది. హుమాయూన్ ప్యాంటు మడిచి దిగి, తూము గోడ మీద నీళ్ళు చార దాకా వచ్చాయేమో చూసొచ్చాడు.

అమలమ్మ చీర ఎగ్గట్టుకుని నీళ్ళల్లో దిగి మునగకొమ్మని పీక్కొచ్చింది. “నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. ఈ పిల్లక్కూడా తెలిసిందే!” అని మార్త బుగ్గలు పుణికింది. కొమ్మకి కింద కాస్త కుళ్ళు పట్టింది గాని పైన రెండు చిగుళ్ళున్నాయి. కుళ్ళు కోసేసి, ఫౌంటెను ఉండాల్సిన చోట, తన కొత్త స్థలంలో పాతుకుంది.

మర్నాడు మైలవరం నుంచి కొత్త పని వచ్చింది, ఒక హైస్కూలూ దాని ఆవరణా. మార్త ఆఫీసుకొచ్చేసరికి గాజుబల్ల కింద బల్బు వెలుగుతోంది. బల్ల మీద ఒక్క కాగితమూ లేదు. రామకోటేశ్వరరావు పెన్సిలు చెవికి పెట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఇంకా మొదలెట్టలేదేం సార్?”

“ఎలా మొదలెట్టమంటావు?” అన్నాడాయన విసుగ్గా. “నువ్వెళ్ళి ఆ నేల చూసొచ్చి నీ కాగితం పరిస్తేగా! మైలవరం బస్సు తొమ్మిదిన్నరకి. తొందరగా బయల్దేరు.”